కుక్కపిల్లల వ్యాపారం: ధర్మం, చట్టం, మన బాధ్యత

ఒకసారి దైవప్రవక్త (స) సహచరులతో ప్రయాణంలో ఉన్నారు. దారిలో ఒక చిన్న పిట్ట, దాని రెండు పిల్లలు సహచరుల కంటబడ్డాయి. వారు ఆ పిల్లల్ని పట్టుకున్నారు. తల్లిపిట్ట వచ్చి రెక్కలు కొట్టుకుంటూ అల్లాడసాగింది. అది చూసిన ప్రవక్త (స), దాని బిడ్డల్ని తీసి దాన్ని బాధపెట్టిందెవరని అడిగి, పిల్లల్ని తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్ గ్రంథంలో ఉంది.

నేడు పట్టణాల్లో సాగుతున్న ఒక వ్యాపారాన్ని ఈ హదీసు వెలుగులో చూద్దాం. కొందరు ఏ అనుమతీ లేకుండా ఆడకుక్కల్ని బోనుల్లో ఉంచి, తెరపి లేకుండా ఈతలు తీయిస్తూ, పాలు మానని పిల్లల్ని అమ్ముతున్నారు. తేలికగా డబ్బు వస్తుందని మన యువకులు కూడా అటు మొగ్గితే మనం ఏమని చెప్పాలి?

ధర్మం ఏమంటోంది?

వేటకు, పశువుల కాపలాకు, పొలం కాపలాకు కుక్కను పెంచుకోవడానికి హదీసుల్లో అనుమతి ఉంది. అవసరం లేకుండా పెంచితే ప్రతిరోజూ పుణ్యం తగ్గుతుందన్న హెచ్చరికా ఉంది. కుక్కను అమ్మి సొమ్ము తీసుకోవడాన్ని ప్రవక్త (స) వారించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. అందుకే షాఫయీ, హంబలీ ధర్మవేత్తలు ఈ అమ్మకాన్ని నిషిద్ధమన్నారు. హనఫీ ధర్మవేత్తలు ప్రయోజనం ఉన్న కుక్కల అమ్మకాన్ని అనుమతించారు. అయితే మూగజీవిని హింసించడానికి మాత్రం ఏ మజ్హబ్‌లోనూ అనుమతి లేదు. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక చంపిన స్త్రీ నరకానికి పోయిందనీ, దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాగించిన మనిషికి మన్నింపు లభించిందనీ మనం విన్నాం కదా!

చట్టం ఏమంటోంది?

మన దేశంలో కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో కేంద్ర ప్రభుత్వం నియమాలు తెచ్చింది. వీటి ప్రకారం అమ్మకానికి కుక్కల్ని ఈనించేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంపుడు జంతువుల దుకాణాలకు కూడా 2018లో నమోదును తప్పనిసరి చేశారు.

ఎనిమిది వారాలు ఎందుకు? ఆ లోపు పిల్ల తల్లిపాలు మాని, సొంతంగా తినడం నేర్చుకుంటుంది. కరవకుండా ఆడుకోవడం తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర అలవాటవుతుంది. ముందే వేరుచేస్తే బెదురుగా, బలహీనంగా పెరుగుతుంది. టీకా పడని పిల్లకు పార్వో వ్యాధి సోకితే వాంతులు, రక్తవిరేచనాలతో కొద్ది రోజుల్లోనే చనిపోవచ్చు. కొన్నవారు మాత్రం ‘మా అదృష్టం బాగాలేదు’ అనుకుంటారు.

నియమాలున్నా భయం తక్కువ. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో మొదటి తప్పుకు పెట్టిన జరిమానా 50 రూపాయలకు మించదు. ఒక్క పిల్లను అమ్మితే వేలల్లో డబ్బు చేతికొచ్చేవాడికి అదొక లెక్కా? కాబట్టి అధికారి చూడని చోట కూడా అల్లాహ్ చూస్తున్నాడన్న భయమే మనల్ని ఆపాలి.

మనం ఏం చేయాలి?

కాపలాకు కుక్క నిజంగా అవసరమైతే, ముందుగా దిక్కులేని వీధికుక్క పిల్లను తెచ్చి సాకడం గురించి ఆలోచించాలి. డబ్బు పెట్టి తీసుకోదలిస్తే తమ మజ్హబ్ తీర్పును ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. ఆ తర్వాత అమ్మేవారి నమోదు పత్రం, టీకాల కాగితం అడగాలి. తల్లిని, అది ఉండే చోటును కళ్ళారా చూడాలి. తల్లిని చూపించడానికి జంకేవారి దగ్గర కొనకూడదు. జాలిపడి ఒక పిల్లను కొన్నా, ఆ డబ్బుతో తల్లిని మరో ఈతకు సిద్ధం చేస్తారు. కొనేవారు లేకపోతే ఆ బోను ఉండదు. హింస కళ్ళబడితే పశువైద్యాధికారికి, పోలీసులకు తెలియజేయాలి.

నోరులేని జీవుల పట్ల దయ చూపే హృదయాన్ని, ధర్మసమ్మతమైన సంపాదనను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.