తునిలో నానితే అనకాపల్లిలో ఉడుకుతుంది

గుంటూరులో మిర్చి బస్తాలు ఎక్కించుకుని కలకత్తా వెళ్లే లారీ మీద, మా బాబాయికి క్లీనరుగా ఒక వేసవంతా తిరిగాను. మొదటి రోజు పొద్దుగూకాక అన్నవరం దాటి బండి ఆపాం. ఇద్దరికీ కడుపు కాలిపోతోంది. నేను దిగి, పొయ్యి బయటికి తీసి, అప్పుడు కందిపప్పు కడగడం మొదలుపెట్టాను. గంటన్నర పట్టింది. అయినా పప్పు పలుకు పలుకుగానే ఉంది. బాబాయి నాలుగు ముద్దలు మింగి, చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: "బండి ఆగాక మొదలెడితే ఎప్పటికవుద్దిరా? బండి నడుస్తా ఉండగానే సగం వంట అయిపోవాల."

లారీ వంటంతా ఆ మాటలోనే ఉంది. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో చేసిన చట్టం ఐదు గంటల పనికి కనీసం అరగంట విరామం ఉండాలంది. అరగంటలో వండుకుని, తిని, గిన్నెలు తోముకోవడం ఎవరి వల్లా కాదు. కాబట్టి ఆగే చోటికి ముందున్న అరవై డెబ్భై కిలోమీటర్లను కూడా వంటలోకి లెక్కేసుకోవాలి. డాబాలు లేవా అంటే దారి పొడవునా ఉన్నాయి. రోజూ రెండు పూటలా అక్కడే తింటే బత్తా డబ్బులు ఇంటికి చేరవు. పైగా బరంపురం దాటాక మన పప్పు, మన పచ్చడి అడిగినా దొరకవు.

1. పెట్టె

లారీ బాడీ కింద, ఎడమ పక్కన, రేకు పెట్టె బిగించుకోవాలి. ఎడమ పక్కే ఎందుకంటే, బండిని రోడ్డు వారన ఆపినప్పుడు అటువైపు వాహనాలు రావు. మా బండికి డీజిల్ ట్యాంకు కుడి వైపు ఉండేది, అది ఇంకో సుఖం. బియ్యానికి డీజిల్ వాసన పట్టిందంటే ఎన్నిసార్లు కడిగినా పోదు. పెట్టె మూతకు రెండు గొలుసులు వేసి కిందికి వాల్చితే అదే వంటగట్టు.

లోపల ఐదు కిలోల చిన్న సిలిండరు, ఒంటి పొయ్యి, మూడు లీటర్ల కుక్కరు, అందులో పట్టే గిన్నె, ఒక బాండీ, కత్తి, గరిటె, రెండు పళ్లాలు. ఇంతకు మించితే గతుకుల్లో మోత తప్ప లాభం లేదు. సిలిండరు నిలువుగా ఉండాలి, కదలకుండా బెల్టుతో కట్టాలి. వంటగ్యాసు గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, అడుగున పేరుకుంటుంది. అందుకే పెట్టె అడుగున నాలుగు కన్నాలు కొట్టించాలి. క్యాబిన్‌లో సిలిండరు పెట్టుకుని పడుకోకూడదు. వానొచ్చినా, చలేసినా క్యాబిన్‌లో పొయ్యి ముట్టించకూడదు. తలుపులు మూసిన చోట మంట వదిలే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

2. సరుకు

ఇల్లు వదిలే ముందే సరుకు సర్దుకోవాలి. లారీ సరుకుకు ఎండ ఒక శత్రువైతే కుదుపు రెండోది.

ఆవకాయ, గోంగూర పచ్చడి చిన్న చిన్న మరమూతల డబ్బాల్లో, అంచు దాకా నింపాలి. ఇంట్లో జాడీలో అయితే నూనె పైకి తేలి ముక్కలకు గాలి తగలనివ్వదు. లారీలో డబ్బా సగమే ఉంటే నూనె అటూ ఇటూ ఊగి ముక్కలు బయటపడతాయి, బూజు పడుతుంది. మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగిస్తే నూనె కారదు. తీసే గరిటె తడిగా ఉండకూడదు.

కందిపొడి, కరివేపాకు కారం, ఊరమిరపకాయలు, ఎండుచేపలు నీటితడి లేనివి కాబట్టి వారాల తరబడి నిలుస్తాయి. ఉల్లిపాయలు వలసంచిలో వేసి గాలి తగిలేలా వేలాడదీయాలి. బంగాళాదుంపలు వాటి పక్కన పెట్టకూడదు, త్వరగా మొలకలొస్తాయి. పచ్చిమిరపకాయలకు తొడిమలు తీసేస్తే ఇంకో రెండు రోజులు ఆగుతాయి. గుడ్లు ఎక్కడ పెట్టాలో తెలియక మొదట్లో నేను అరడజను పగలగొట్టాను. బియ్యం డబ్బాలో నిలువుగా గుచ్చి, పైన బియ్యం పోస్తే గుంటూరు నుంచి హౌరా దాకా ఒక్కటీ చిట్లలేదు.

నీళ్లకు ఇరవై లీటర్ల క్యాన్లు రెండు. తాగడానికీ వండడానికీ ఒకటి, కడగడానికి రెండోది. గుర్తు కోసం రెండో దాని మెడకు తాడు కట్టాను.

3. నడుస్తున్న వంట

ఇక అసలు సంగతి. రాత్రి అన్నం అనకాపల్లి దగ్గర అనుకుంటే, తుని దాటగానే కందిపప్పు కడిగి, మరమూత స్టీలు డబ్బాలో నీళ్లు పోసి నానబెట్టాలి. తుని నుంచి అనకాపల్లి అరవై కిలోమీటర్ల పైచిలుకు. లోడు బండికి గంటన్నర. డబ్బాలో పప్పు మూడో వంతే ఉండాలి. ఒకసారి సగానికి పైగా పోశాను. పప్పు ఉబ్బి, నీళ్లు పొంగి సీటంతా తడిసింది. బాబాయి ఆ తడి సీటు మీద నన్నే కూర్చోబెట్టాడు.

చింతపండు చిన్న డబ్బాలో కాసిని నీళ్లతో వేస్తే గతుకులే దాన్ని పిసుకుతాయి, చేరేసరికి గుజ్జు వదులుతుంది. పెరుగులో నీళ్లు, ఉప్పు కలిపి సీసాలో పోసి వేలాడదీస్తే కవ్వం అక్కర్లేని మజ్జిగ. యలమంచిలి వచ్చిందంటే బియ్యం కడిగి నానబెట్టే వేళ. కడిగిన నీళ్లు పారబోయకుండా పట్టి ఉంచాలి.

4. పొయ్యి

పెట్రోలు బంకులో నీళ్లుంటాయి, వెలుతురుంటుంది, కానీ పొయ్యి వెలిగించే చోటు కాదది. డాబా వెనక ఖాళీ జాగా మేలు. హ్యాండ్‌బ్రేకు వేసి, టైరు కింద రాయి పెట్టాకే పెట్టె తెరవాలి. గాలి కుడి నుంచి వీచేలా బండిని నిలిపితే లారీయే అడ్డుగోడ. మాది గోనె బస్తాల లోడు. అందుకని పొయ్యిని పట్టాకు దూరంగా, నేల మీద పెట్టేవాళ్లం.

కుక్కరు అడుగున పప్పు, టమాటా, పచ్చిమిర్చి, పసుపు. పై గిన్నెలో ఒకటికి రెండు నీళ్లతో బియ్యం. నానిన పప్పు, బియ్యం కాబట్టి మూడు కూతలు, తర్వాత సన్నటి మంట మీద ఐదు నిమిషాలు చాలు. దించి గోనెసంచిలో చుట్టి పక్కన పెడితే మిగిలిన ఉడుకు ఆ వేడికే పూర్తవుతుంది, గ్యాసు ఖర్చు లేదు. ఖాళీ అయిన పొయ్యి మీద బాండీ పెట్టి ఉల్లిపాయ, గుడ్లతో పొరటు. అదే బాండీలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు వేయించాలి. ఈలోగా కుక్కరు మూత వస్తుంది. పప్పు మెదిపి, చింతపండు గుజ్జు, ఉప్పు కలిపి ఒక పొంగు రానిచ్చి తాలింపు వేస్తే అయిపోయినట్టే. ఆగిన దగ్గర్నుంచి పళ్లెం ముందుకు నలభై నిమిషాలు.

5. మిగులు

వేసవిలో అన్నం మిగలకుండా కొలిచి వండాలి. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. వెచ్చటి అన్నంలో అవి మళ్లీ పెరిగి వదిలే విషం, వేడి చేసినా పోదు. గంటా రెండు గంటలు దాటిన అన్నాన్ని వేడి క్యాబిన్‌లో మోసుకెళ్లి తినడం కంటే పస్తుండటం నయం. వాంతులతో బండి నడపలేం కదా.

కైకలూరు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని హౌరాకు పోయే బండ్లకైతే ఈ నలభై నిమిషాలు కూడా దొరకవు. ఐసు కరుగుతుంటే ఆగేదెవరు? అలాంటి వాళ్లు ఇంటి దగ్గరే నూనె ఎక్కువ వేసి మగ్గించిన పులిహోర పులుసు డబ్బాలో తెచ్చుకుంటారు. డాబాలో వేడన్నం మాత్రం కొని కలుపుకుంటారు.

6. సర్దుడు

ముందు సిలిండరు దగ్గర గ్యాసు కట్టాలి. పైపులో మిగిలిన గ్యాసు మండిపోయి మంట దానంతటదే ఆరాక పొయ్యి మర తిప్పాలి. గిన్నెల జిడ్డుకు మొదటి కడుగు, ఇందాక పట్టి ఉంచిన బియ్యం కడిగిన నీళ్లతో. రెండో కడుగుకే క్యాను వంచాలి. పెట్టెకు తాళం వేసి, టైరు కింద రాయి తీసి ఎక్కాలి.

వేసవి చివరి ట్రిప్పులో, అనకాపల్లిలో తిని బయల్దేరుతుండగా బాబాయి సెల్ఫ్ కొట్టబోయి ఆగాడు. "బరంపురంలో పొద్దున్నే ఏం పెడతావురా?" అన్నాడు. నేను మాట్లాడకుండా సీటు కింద నుంచి డబ్బా తీసి ఊపాను. మూడో వంతు శనగలు, మిగతా నీళ్లు. ఆయన బండి కదిలించాడు.