వీడియో కూర్పులో కలుగు చిక్కులు: వాని కారణములను వెదకు విధము



గడచిన వార్షికోత్సవమునకై మన పాఠశాల విద్యార్థులు మూడు జట్లుగా నేర్పడి, జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములను గూర్చి యొక వీడియోను సిద్ధము చేసిరి. 2016 సంవత్సరములో జిల్లాల పునర్విభజనము జరుగువరకు ఈ మూడు పట్టణములును వరంగల్లు జిల్లాలోనివే యగుటచే, మూడింటిని ఒకే కథగా కూర్పవలెనని మా సంకల్పము. మొదటి జట్టు జనగామకు చేరువనున్న పెంబర్తికి పోయి, ఇత్తడి పని చేయు నొక వృద్ధ శిల్పిని చిత్రించెను. రెండవది మహబూబాబాదులో రాత్రివేళ మిరపకాయల బస్తాలు దింపుటను, మూడవది భూపాలపల్లి ప్రాంతములోని ఘనపురము కోటగుళ్లను చిత్రించినవి.

చిత్రించుట మూడు దినములలో ముగిసెను. కూర్చుటకు మూడు వారములు పట్టెను. చిక్కు కనబడినంతనే కారణము నెరుగకయే చేతికందిన మీటల నెల్ల నొక్కుట మనలో ననేకుల కలవాటు. మేమును ఆ దోషమునకు లోనైనవారమే. ఆ మూడు వారములలో మేము నేర్చినదానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

పెంబర్తి శిల్పి ఇత్తడి రేకును సుత్తితో కొట్టుచు, బాల్యమున తండ్రియొద్ద తాను పని నేర్చిన తీరును ఇరువదిరెండు నిమిషములపాటు చెప్పెను. మేము కూర్పు నారంభించునాటికే ఆయన కాలధర్మము నొందెను. ఆయన కంఠధ్వని వేరొకచోట నున్నట్లు ఆ యింటివారికిని తెలియదు. మరల చిత్రింప వీలులేని యా భాగమునందే మొదటి చిక్కు వచ్చినది. ఆరంభమున సుత్తి రేకును తాకినప్పుడే ధ్వని వినబడుచుండెను. పదవ నిమిషమున దెబ్బ పడిన కొంతసేపటికి ధ్వని వచ్చెను. చివరకు ఆయన నోరు మూసికొన్న పిమ్మట మాట వినబడసాగెను.

మా విద్యార్థులు ధ్వనిని ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను ముందునకు జరిపిరి. ముప్పదియొక్క ముక్కలైనవి. ప్రతి ముక్కయు మొదట కుదిరి, తుదకు తప్పుచుండెను. జ్వరమునకు మందీయక నుదుట తడిగుడ్డ మాత్రమే వేయుచున్నామని అప్పటికి మాకు తోచినది.

అంతట ముక్కల నన్నింటిని తీసివేయించి, మొదటినుండి విచారించితిమి. మూలపు ఫైలు నందే దోషమున్నదా? ఆ ఫైలును కూర్పు ప్రోగ్రాములో గాక వీ.ఎల్.సి. అను ప్లేయరులో తెరచి చూచితిమి. తుదివరకు దెబ్బయు ధ్వనియు చక్కగా కలిసియున్నవి. మూలము చెడలేదని తెలిసినప్పుడు మాకు కలిగిన యూరట యింతంత గాదు. కావున దోషము కూర్పు ప్రోగ్రాము ఆ ఫైలును చదువుకొను విధానములోనే యుండవలెను.

తరువాత ఆ యెడము స్థిరమైనదా, పెరుగునదా యని చూడవలెను. మొదటినుండి చివరవరకు ఒకే యెడమున్నచో ధ్వని నంతటిని ఒక్కమారు జరిపిన చాలును. పెరుగుచున్నచో, సమముగా పెరుగుచున్నదా లేదా యని లెక్క చూడవలెను. సెకనుకు 29.97 బొమ్మలు గల వీడియోను 30 బొమ్మలు గలదిగా ప్రోగ్రాము పొరబడినచో, గంటకు 3.6 సెకనుల భేదము సమముగా వచ్చును. మేము రెండేసి నిమిషముల కొకమారు సుత్తిదెబ్బను పరిశీలించి యెడమును కాగితముపై వ్రాసికొంటిమి. ఆయన ముంగిట కూర్చుండి మాటాడిన భాగములో ఎడము కొంచెమైనను పెరుగలేదు. చీకటిగానున్న పనిగదిలో త్వరత్వరగా పెరిగినది. రహస్యమంతయు ఇచ్చటనే బయటపడెను.

ఫోను కెమేరా వెలుతురు చాలనప్పుడు ఒక్కొక్క బొమ్మకు ఎక్కువసేపు వెలుగును గ్రహింపవలసి వచ్చును. అందుచే సెకనుకు 30 బొమ్మలు తీయవలసినది తక్కువ తీయును. ఏ బొమ్మ ఎప్పుడు చూపవలెనో ఫైలులోనే వ్రాయబడియుండును గనుక ప్లేయరు సరిగా చూపును. కొన్ని కూర్పు ప్రోగ్రాములు మాత్రము ఆ వ్రాతను లెక్కింపక, బొమ్మల నన్నింటిని సమానమైన వ్యవధితో పేర్చును. బొమ్మలు తక్కువయగుటచే దృశ్యము ముందు ముగియును; ధ్వని వెనుకబడును. మీడియాఇన్ఫో అను చిన్న ప్రోగ్రాములో ఆ ఫైలును తెరువగా, బొమ్మల వేగము మారునదని స్పష్టముగా కనబడెను.

చికిత్స సులభము. హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత ప్రోగ్రాములో స్థిరవేగము నెంచుకొని, సెకనుకు 30 బొమ్మలుగా ఒక నకలు తీసి, ఆ నకలుతో కూర్పు చేసితిమి. నకలులో నాణ్యత యొకింత తగ్గును. అందుచే మూలము నెన్నడును చెరిపివేయరాదు. ధ్వనిని వేరొక యంత్రముతో గ్రహించినవారికి వచ్చు చిక్కు వేరు. రెండు యంత్రముల గడియారములు సరిగా ఏకీభవింపవు. అట్టివారు మొదటను చివరను ఒక్కొక్క చప్పట్లు కొట్టియుంచినచో, ఆ రెంటిని కలిపి నడిమి ధ్వనిని సాగదీయవచ్చును.

మహబూబాబాదు దృశ్యములలో నల్లని పట్టీలు తెరపై మెల్లగా పైకి ప్రాకుచుండెను. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది. కావున ట్యూబులైటును, కొన్ని చవుకరకపు ఎల్.ఇ.డి. దీపములును సెకనుకు 100 మారులు మినుకుమనును. కెమేరా సెకనులో 60వ వంతు సేపు వెలుగును గ్రహించుచున్నచో ఈ రెండును పొసగవు. 50వ వంతు గాని 100వ వంతు గాని పెట్టినచో పొసగును. దీనిని చిత్రించునప్పుడే సరిచేసికొనవలెను. కూర్పులో పూర్తిగా పోగొట్టుట దుర్లభము. మేము ఆ భాగములో సగము విడిచిపెట్టితిమి.

కోటగుళ్ల చిత్రములు క్రొత్త ఫోనుతో 4కే పరిమాణమున తీసినవి. కంప్యూటరులో నవి కుంటుచు నడచినవి. యంత్రము పాతదని కొందరు, క్రొత్తది కొనవలెనని కొందరు అనిరి. ఆ ఫైళ్లు 2013లో వెలువడిన హెచ్.265 పద్ధతిలో నున్నవి. ఆ పద్ధతిలో అప్పుడప్పుడు మాత్రమే యొక బొమ్మ పూర్తిగా వ్రాయబడును. తక్కినవాటిలో మారిన భాగములు మాత్రమే యుండును. కోత వేసినచోటెల్ల యంత్రము వెనుకకు పోయి, పూర్తి బొమ్మనుండి లెక్క కట్టుకొని రావలసియుండును. ప్రాక్సీ యను చిన్న నకళ్లను చేయించి, వానితో కూర్పు చేసి, చివరి ప్రతిని మూలములనుండి తీసినచో పాత యంత్రమే చాలును. మాకు చాలినది.

పేరు వ్రాయుటలో వేరొక వింత జరిగినది. ‘కోటగుళ్లు’ అని వ్రాయగా ళకారపు క్రింది లావత్తు విడిపోయి, పక్కన వేరే యక్షరమై నిలిచెను. తెలుగు లిపి 1991 నాటి యూనికోడు మొదటి కూర్పునందే చేరినను, ఒత్తులను జతపరచు శక్తి కొన్ని ప్రోగ్రాములకు లేదు. మరికొన్నింటిలో దక్షిణాసియా లిపుల సౌకర్యమును సెట్టింగులలో మనమే యెంచుకొనవలెను. ఏదియు కుదరనిచో, ఒత్తులు సరిగా చూపు వేరొక ప్రోగ్రాములో పేరు వ్రాసి, వెనుక రంగులేని పి.ఎన్.జి. బొమ్మగా తెచ్చి యతికింపవచ్చును. మేము పోతన 2000 అను ఖతితో వ్రాసి యట్లే చేసితిమి. జనగామ జిల్లాలోని బమ్మెర పోతనది యని చెప్పుకొను వారము గనుక, ఆ యెంపికలో మాకు కొంత పక్షపాతమును కలదు.

చివరి ప్రతి తీయునప్పుడు పని మూడుమారులు నడుమ ఆగిపోయెను. మూడుమారులును ఒకేచోట ఆగినది గనుక, దోషము ఆ చోటనున్న తునకదే యని గ్రహించి, దానిని మార్చగా పని ముగిసినది. వేరువేరు చోట్ల నాగియున్నచో, డిస్కులో స్థలము చాలకపోవుటనో యంత్రము వేడెక్కుటనో శంకించియుందుము.

పెంబర్తి శిల్పి కుమారునకు ఆ యిరువదిరెండు నిమిషముల వీడియోను పూర్తిగా ఇయ్యదలచితిమి. పెన్‌డ్రైవులో స్థల మెంతయో యుండియు ఫైలు పట్టలేదు. అది ఫ్యాట్32 అను పాత ఏర్పాటు గలది. దానిలో 4 జి.బి.కి మించిన ఫైలు నిలువదు. లోపలనున్నవానిని వేరొకచోట దాచి, ఎక్స్‌ఫ్యాట్ గా మార్చి, మరల నింపి యిచ్చితిమి. ఆయన మా కంప్యూటరు ముందే కూర్చుండి చూచెను. మొదటి సుత్తిదెబ్బ పడగానే, ధ్వనిని ఇంకను పెంచుమని యడిగెను.