కట్టడముల ఛాయాచిత్రణము

ఛాయాచిత్రకళకును గృహనిర్మాణమునకును గల చుట్టరికము మిక్కిలి పాతది. ఫ్రాన్సు దేశీయుఁడగు నీయెప్సు సుమారు 1827 లో తన యింటి మేడకిటికీనుండి తీసిన చిత్రము, నేఁటికి మిగిలియున్న కెమేరా చిత్రములలో మొదటిదని యెన్నఁబడుచున్నది. అందుఁ గానవచ్చునది మనుష్యుఁడు కాఁడు. ఇంటికప్పులును గోడలును మాత్రమే. ఇంగ్లండున టాల్బట్టు 1835 లో తీసిన చిన్న చిత్రమును ఆయన గృహములోని యొక కిటికీయే. దీనికిఁ గారణము సులభము. ఆనాఁడు చిత్రము పడుటకుఁ జాలసేపు పట్టెడిది. మనుష్యుఁడు కదలును, గోడ కదలదు. కదలదు గాని యెల్లకాలము నిలువదు. ఈ రెండవ సంగతియే నేఁటి మన పాఠమునకు మూలము.

నేఁడు ఐరోపా దేశములందుఁ గట్టడముల ఛాయాచిత్రణమును నేర్పు చిన్న చిన్న శిక్షణ తరగతులు జరుగుచున్నవి. ఒక గురువును, ఐదాఱుగురు శిష్యులును ఒక పట్టణమునఁ గొన్నిదినములు బస చేయుదురు. ఉదయమున నొక కట్టడమును చూతురు. మధ్యాహ్నమున ఒకరి చిత్రముల నొకరు పరీక్షింతురు. సాయంకాలమున మరల నా కట్టడమునొద్దకే పోవుదురు. మా విద్యార్థులు కొందఱు అట్టి తరగతులను గూర్చి విని, “అయ్యా, రాజవొమ్మంగిలో నుండు మన కట్టి యవకాశ మెట్లు కలుగును?” అని యడుగుచుందురు. విదేశయాత్ర మంచిదే. కాని యచ్చట నేర్పు ముఖ్యవిషయములు ఇచ్చటనే నేర్వఁదగినవని చూపుటకే యిది వ్రాయుచున్నాము.

ఇట్టి చిన్న బృందములలో మిగుల ప్రసిద్ధమైనది 1851 నాఁటిది. ఫ్రాన్సు ప్రభుత్వపు ప్రాచీనకట్టడముల సంఘము బాల్డ్యూ, బయార్, ల గ్రే, ల సెక్, మెస్త్రాల్ అను ఐదుగురు ఛాయాగ్రాహకులను దేశములోని పాత దేవాలయములను, కోటలను చిత్రించి తెండని పంపెను. ఏ కట్టడమున కెట్టి మరమ్మతు కావలెనో యెఱుఁగుట దాని యుద్దేశము. వారు ప్రయాసపడి చిత్రములు తెచ్చిరి. కాని సంఘమువారు వానిని ప్రకటింపక దాఁచియుంచుటచే నవి చాలకాలము లోకుల కంటఁబడలేదు. చిత్రమును తీయుట సగము పని, పదిమందికి నుపయోగపడునట్లు చేయుట తక్కిన సగమని దీనివలన నేర్వవలెను.

ఇఁక మన తెలుఁగునాఁటి సంగతి చూతము. అమరావతి మహాస్తూపము పూర్వ మెంతటి వైభవముగల కట్టడమో చరిత్ర చదివిన వారికిఁ దెలియును. పదునెనిమిదవ శతాబ్దాంతమున కాలిన్ మెకంజీ దొర దానిని చూడఁబోవు నప్పటికే జనులు దిబ్బను త్రవ్వి, యిటుకలను రాళ్లను కొనిపోవుచుండిరి. ఆయన 1816 లో మరల వచ్చి, తన పరివారముచే శిల్పములను వ్రాయించెను. 1845 లో వాల్టర్ ఎలియట్ దొర త్రవ్వించిన రాళ్లు మద్రాసు చేరెను. వానిని 1858 లో లిన్నేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి చిత్రించెను. మఱుసటి సంవత్సరమే యందుఁ బెక్కు లండనునకు సాగిపోయెను. నేఁడవి బ్రిటిషు మ్యూజియములో నున్నవి. ట్రైపు తీసిన చిత్రములు శ్రేష్ఠములే. కాని యవి విడివిడి రాళ్ల చిత్రములు; స్తూపము యొక్క చిత్రములు కావు. ఛాయాచిత్రకళ పుట్టకముందే స్తూపము పడిపోయెను. అది సమగ్రముగా నెట్లుండెనో, ఆ రాళ్లమీఁదఁ జెక్కియున్న చిన్న స్తూపముల రూపములనుబట్టి పండితు లూహింపవలసివచ్చినది.

తరువాతితరములో లాలా దీన్ దయాళుఁడు ఈ కళ యందు మన దేశమునకుఁ గీర్తి తెచ్చెను. ఆయన 1844 లో మీరటు సమీపమందలి సర్ధనలోఁ బుట్టి, రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇందూరు పబ్లిక్ వర్క్సు శాఖలోఁ బనిచేసెను. 1882 లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్యభారతమున సంచరించి తీసిన కట్టడముల చిత్రములు 1886 లో గ్రంథముగా వెలువడెను. పిమ్మట సికిందరాబాదున స్టూడియో పెట్టి, ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుఁడై, హైదరాబాదు సౌధములను చిత్రించెను. ఆయన చిత్రములలో స్తంభములు తిన్నగా నిలుచును. కొలతలు నేర్చిన కన్నుతో చూచుట యెట్టి మేలు చేయునో వానివలన గ్రహింపవచ్చును.

ఇఁక సాధనను గూర్చి చెప్పెదము. ఖరీదైన కెమేరా లేకున్నను ఫోను చాలును. ఐదు నియమములు మాత్రము విడువరాదు.

మొదటిది చూచుట. కట్టడమునొద్దకుఁ బోయిన వెంటనే చిత్రము తీయరాదు. మూఁడు మాఱులు చుట్టు తిరుగుఁడు. ద్వారము ఏ దిక్కున నున్నది? వాన యే వైపునుండి కొట్టును? ఇంటివారు ఎచ్చటఁ గూర్చుందురు? ఈ ప్రశ్నలకుఁ బ్రత్యుత్తరము దొరకినపిమ్మట నెచ్చట నిలువవలెనో తనంతటఁ దెలియును.

రెండవది నిలువు. మెదకు దేవాలయపు గోపుర మెత్తు సుమారు 173 అడుగులు. ఆ దేవాలయము 1924 డిసెంబరు 25 వ తేదీని ప్రతిష్ఠింపఁబడినది. దగ్గఱ నిలిచి కెమేరాను పైకెత్తి తీసినచో గోపురము వెనుకకుఁ బడిపోవుచున్నట్లు చిత్రమునఁ గనఁబడును. గోపురము వాలలేదు, కెమేరా వాలినది. కెమేరా గోడకు సమాంతరముగా నున్నంతవఱకు నిలువుగీఁతలు నిలువుగానే యుండును. కావున దూరముగాఁ బోవలెను. లేదా యెదుటి మేడనుండి తీయవలెను. పాత పెద్ద కెమేరాలలోఁ గటకమును మాత్రమే పైకి జరుపు సదుపాయముండెడిది. నేఁడు తీసిన పిమ్మట సరిదిద్దు సాధనములున్నను, వానివలన అంచులు తెగిపోవును. ఆమోసు ప్రవక్త దర్శనములోని మట్టపు గుండును జ్ఞప్తియందుంచుకొనుఁడు. గోడ తిన్నగా నున్నదో లేదో చెప్పునది గుండు. గుండే వంకరగా వ్రేలాడినచో గోడమీఁద నింద పడును.

మూఁడవది వెలుఁగు. తూర్పుముఖపు ఇంటిని ఉదయమునను, పడమటిముఖపు ఇంటిని సాయంకాలమునను తీయవలెను. ప్రక్కనుండి యేటవాలుగాఁ బడు నెండలో మట్టిగోడమీఁది అలుకుచేతి జాడలుకూడఁ దెలియును. మిట్టమధ్యాహ్నమునఁ జూరునీడ పడి అరుగంతయు నల్లనగును. లోపలి భాగములకు మబ్బుపట్టిన దినము మేలు. మన కొండలలోఁ జలికాలపు మంచు ఇంటిని కప్పివేసినచోఁ గొంతసేపు వేచియుండుఁడు. మంచు వెనుకకుఁ దగ్గి కొండను మాత్రము కప్పినపుడు ఇల్లు విడిగా, స్పష్టముగాఁ గానవచ్చును.

నాలుగవది కొలత. యెహెజ్కేలు దర్శనములో దేవాలయమును చూపిన పురుషుఁడు కొలకఱ్ఱ చేతఁబట్టి యుండెను. మీరును అడుగుల గుర్తులు వేసిన కఱ్ఱనొకదానిని ద్వారముప్రక్క నిలుపుఁడు. తరువాత చూచువారికి ద్వారము నాలుగడుగులదో ఆఱడుగులదో తెలియును. ఒక్క చిత్రముతోఁ దృప్తిపడక, నాలుగు ముఖములు, ఒక మూల, ద్వారము, కప్పు గోడతోఁ గలియు చోటు, వెదురును కట్టిన ముడి, లోపలి పొయ్యి తావు, వీనినన్నిటిని వేర్వేఱుగాఁ దీయవలెను.

ఐదవది వ్రాత. గ్రామము, తేదీ, దిక్కు, కట్టినవారు, వాడిన కలప, గడ్డి, మట్టి వీని వివరములు చిత్రముతోఁ గూడ నుండవలెను. వివరములేని చిత్రము సాక్షిసంతకము లేని పత్రమువంటిది. ఫోనులోని చిత్రములు ఫోనుతోనే పోవును. కాన ముఖ్యమైనవానిని కాగితముమీఁద అచ్చొత్తించి పాఠశాల గ్రంథాలయమున నుంచవలెను.

ఈ శ్రమయంతయు మన కేల యని యడుగుదురేమో. 1922 ఆగస్టు 22 న చింతపల్లి, 23 న కృష్ణదేవిపేట, 24 న మన రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను అల్లూరి సీతారామరాజు ముట్టడించెను. ఇచ్చట నిర్బంధములో నున్న వీరయ్యదొర విడిపింపఁబడెను. ఈ కథ బాలురందఱికిని వచ్చును. కాని ఆనాఁటి ఠాణాకు గదు లెన్ని, వాకిలి యే వైపు, తుపాకు లెచ్చట నుంచిరి యని యడిగినచో ఎందఱు చెప్పఁగలరు? కట్టడము కన్నులకుఁ గట్టినపుడు చరిత్ర మనస్సున నిలుచును.

ఠాణా మాట యటుండనిండు. కొండదొరల, కోయల యిండ్లను గూర్చి తలపోయుఁడు. వెదురుతడికలకు మట్టిమెత్తిన గోడలు, క్రిందికి దిగిన గడ్డిచూరు, చల్లని అరుగు, వీనిని కట్టిన పెద్దలు ఏ పుస్తకమును చూచి కట్టలేదు. నేఁడు ఊరూర సిమెంటు ఇండ్లు లేచుచున్నవి. వానకు కారని కప్పు కావలెనని కోరువారిని తప్పుపట్ట నెవ్వరికిని హక్కులేదు. కాని పాతయిల్లు దిగువఱకు దాని చిత్రము తీయక యూరకుండుట మన యశ్రద్ధయే. గోదావరియొద్ద దేవీపట్నపు ప్రాంతమునఁ బోలవరము ప్రాజెక్టుకై గ్రామములు ఖాళీ చేయవలసివచ్చెను. ఇల్లు విడిచినవారికి నష్టపరిహార మీయవచ్చును. ఇంటి రూపు నెవ్వ రీయఁగలరు? కొండరెడ్లనుగూర్చి 1945 లో గ్రంథము ప్రకటించిన హైమెండార్ఫ్ పండితుఁడు తీసిన ఛాయాచిత్రములు లండనులోని విద్యాలయమున భద్రముగా నున్నవి. మన పక్కకొండల గ్రామముల రూపమును చూచుటకు మనము లండనువైపు చూడవలసివచ్చినది. రాఁబోవువారికైన నట్టి యవసరము లేకుండ చేయుట మన చేతిలోని పని.

ఒక హెచ్చరిక. ఇంటివారి యనుమతి లేనిదే గడపలోఁ గాలిడకుఁడు, కెమేరా నెత్తకుఁడు. పేదఱికమును చూపి జాలి పుట్టింపవలెనని చినిగిన చూరును మాత్రమే తీయువాఁడు కూడ వంకర గుండు పట్టినవాఁడే. సౌధమునకుఁ జూపిన గౌరవమునే గుడిసెకును జూపుఁడు. తీసిన చిత్రముల ప్రతి యొకటి ఇంటివారికి తప్పక యిండు.

ఈ వేసవి సెలవులలో మన పై తరగతుల విద్యార్థులు ఐదుగు రైదుగురుగాఁ జేరి, ఒక్కొక్క బృందము ఒక్కొక్క పాతయింటిని పైని చెప్పిన పద్ధతిని చిత్రించి, వివరములు వ్రాసి తేవలెనని కోరుచున్నాము. పాఠశాల తెఱచిన పిమ్మట వానినన్నిటిని గోడకు వరుసగా అంటించి, తప్పొప్పులు కలిసి విచారింతము. ఆ యింటి వృద్ధులనుకూడ పిలిచి కూర్చుండఁబెట్టుదము. చిత్రము సరిగా నున్నదో లేదో వారికంటె బాగుగాఁ జెప్పఁగల పరీక్షకులు మనకు దొరకరు.