తలనొప్పి తలది కాకపోవచ్చు



పదో తరగతి బయాలజీలో పిల్లలు గుండె గురించి చదువుతారు. ఒళ్లంతటికీ రక్తం పంపే గుండెకు కూడా రక్తం కావాలి. దాన్ని కరోనరీ ధమనులు అందిస్తాయి. పరీక్షకు ఇంతవరకు చాలు. ఇంట్లో మాత్రం ఇంకో మాట తెలియాలి. ఆ ధమనుల్లో రక్తం తగ్గితే చాలామందికి ఛాతీలో నొప్పి వస్తుంది. అరుదుగా కొందరికి తల నొస్తుంది. ఒక్కోసారి ఛాతీలో ఏ నొప్పీ లేకుండా తల మాత్రమే నొస్తుంది.

అమెరికా న్యూరాలజిస్ట్ రిచర్డ్ లిప్టన్, ఆయన సహచరులు 1997లో దీనికి 'కార్డియాక్ సెఫాల్జియా' అని పేరు పెట్టారు. అంటే గుండె వల్ల వచ్చే తలనొప్పి.

గుండెకూ తలకూ సంబంధమేమిటి?

రెండిళ్లకు ఒకే కాలింగ్ బెల్ ఉందనుకోండి. అది మోగితే ఎవరింటికి వచ్చారో వెంటనే తెలియదు. గుండె నుంచి, తల, మెడ నుంచి వచ్చే నరాల సంకేతాలు కొన్నిచోట్ల కలుస్తాయి. అందుకే మెదడు పొరబడుతుందని డాక్టర్లు భావిస్తారు. గుండెపోటులో ఎడమ చెయ్యి, దవడ లాగడం కూడా ఇలాంటిదే.

ఎలా అనుమానించాలి?

మంచిర్యాల ఎండలో తిరిగినా, నైట్ షిఫ్ట్ చేసి వచ్చినా తలనొప్పి మనకు మామూలే. బామ్ రాసుకుని, ఒక గోలీ వేసుకుని పడుకుంటాం. చాలా తలనొప్పులకు గుండెతో సంబంధం ఉండదు, భయపడకండి. కానీ ఈ గుర్తులు చూడండి:

• మెట్లెక్కినప్పుడు, బరువు మోసినప్పుడు, బాయిలో ఇంక్లైన్ ఎక్కి వచ్చేటప్పుడు మొదలై, కాసేపు కూర్చుంటే తగ్గడం.
• యాభై దాటాక కొత్తగా రావడం.
• షుగర్, బీపీ, పొగతాగే అలవాటు లేదా ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉండటం. షుగర్ ఉన్నవారికి ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు.

ఏం చేయాలి?

సరిచూసుకుందామని మళ్లీ మెట్లెక్కకండి. సింగరేణి ఉద్యోగులైతే ఏరియా ఆసుపత్రిలో, మిగతావారు ప్రభుత్వ ఆసుపత్రిలో లేదా మీ డాక్టరు దగ్గర "పని చేస్తే వస్తోంది, ఆగితే పోతోంది" అని స్పష్టంగా చెప్పండి. ఈ ఒక్క మాట డాక్టరుకు దారి చూపుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ బాగానే ఉండొచ్చు. అందుకే ట్రెడ్‌మిల్ లాంటి మరో పరీక్ష అవసరమా అని అడగండి.

మైగ్రేన్ అనుకుని సొంతంగా మందులు వాడకండి. సుమట్రిప్టాన్ లాంటి మైగ్రేన్ మందులు రక్తనాళాలను కుంచింపజేస్తాయి. గుండె ధమనుల్లో అడ్డు ఉన్నవారికి అవి ప్రమాదం.

తలనొప్పితో పాటు చెమటలు, ఆయాసం, ఛాతీ బరువు ఉన్నా, ఒక్కసారిగా భరించలేని తలనొప్పి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈ నెల ఇంటిపని

మీ పిల్లలతో ఒక చిన్న పట్టిక గీయించండి. అమ్మకో, నాన్నకో, తాతయ్యకో తలనొప్పి ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఏం చేస్తున్నారు, కూర్చున్నాక ఎన్ని నిమిషాలకు తగ్గింది అని రాయమనండి. డాక్టరు అడిగేవి కూడా ఇవే. 108కి ఫోన్ చేసి ఇంటి అడ్రసు, దగ్గర్లోని గుర్తు ఎలా చెప్పాలో కూడా వారికి నేర్పండి. ఇంట్లో పెద్దవాళ్లు పడిపోయిన రోజున ఫోన్ అందుకునేది పిల్లలే కావచ్చు.