పిలకాయల్ని అవ్వ దగ్గర వదిలేటప్పుడు

పలమనేరు పక్కన గంగవరం చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు బెంగుళూరు నుంచి పిలకాయలు దిగుతారు. ముళబాగిలు దాటితే ఇల్లు చేరినట్టే కాబట్టి, అమ్మానాన్నలు వాళ్లను అవ్వ దగ్గర వదిలి మర్నాడే ఉద్యోగాలకు వెళ్లిపోగలరు. వదిలిపోయే బ్యాగులో బట్టల మీద ఈ మధ్య ఒక కాగితం కూడా కనిపిస్తోంది. ఎన్ని గంటలకు పాలు, ఎన్నింటికి పండు, మధ్యాహ్నం ఎంతసేపు నిద్ర, రోజుకు ఎన్ని పేజీల రాత. నా మాట వింటే ఆ కాగితాన్ని చించేయండి. అందులో బిడ్డ మందుల సంగతి ఉంటే ఆ ముక్క మాత్రం ఉంచి, నోటితో కూడా ఒకసారి చెప్పండి.

పిలకాయలతో అవ్వకు దొరికే సంతోషం విడిగా ఒక గంటలో జరిగే పని కాదు. ఆమె ఎలాగూ చేసుకునే పనుల్లోనే అది కలిసిపోయి ఉంటుంది. గంటల పట్టీ చేతిలో పెడితే ఆమె తన పనులు పక్కన పెట్టి మీ పని మొదలుపెడుతుంది. అప్పటినుంచి ఆమె ఆయా.

పితికిపప్పునే చూడండి. సంక్రాంతి రోజుల్లో మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు ఏ ఇంటికి పోయినా అనపకాయల వాసనే. కాయలు ఒలిచి గింజలు రాత్రికి నానబెడతారు. పొద్దున ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు బయటికి దూకుతుంది. ఇంటిల్లిపాదికీ కూర కావాలంటే కొన్ని వందల గింజలు నొక్కాలి. ఒక్కతే కూర్చుంటే నడుము పట్టేస్తుంది, పొద్దు గడవదు. అదే పక్కన నాలుగేళ్ల మనవడు ఉంటే మొదటి గింజ గోడకు తగులుతుంది, రెండోది అవ్వ ముక్కుకు. మూడోది గిన్నెలో పడగానే వాడు లేచి ఇంట్లో అందరికీ చెప్పి వస్తాడు. కాసేపటికి పందెం మొదలవుతుంది. అవ్వ కావాలనే ఓడుతుంది, ఓడినందుకు గొణుగుతుంది కూడా. నగరంలో ఫీజు కట్టించుకుని పిల్లలతో ప్లాస్టిక్ పటకారుతో పూసలు ఏరించేదీ ఈ వేళ్ల పనే. కాకపోతే ఇక్కడ ఏరినదంతా రాత్రికి సంగటిలోకి కూరై వస్తుంది, పూసల్ని ఎవరూ తినరు.

ఇలాంటప్పుడు మీరు ఫోన్ చేసి "వాడు రాసుకున్నాడా?" అని అడిగితే ఆ గిన్నె పక్కకు పోతుంది. అడగొద్దు.

ఆవు ఉన్న ఇల్లయితే పొద్దునా సాయంత్రమూ పాలకేంద్రం ఉంటుంది. క్యాను అవ్వది, మూత మనవరాలిది. మిషను మీద వచ్చిన ఫ్యాటు అంకె చదివి చెప్పే ఉద్యోగం కూడా మనవరాలిదే. వరసలో నిలబడిన ఆడవాళ్లు "ఎవురి బిడ్డక్కా ఈ పాప?" అని అడుగుతారు. నిన్న అడిగినవాళ్లే ఈరోజూ అడుగుతారు. "మా పెద్దోడి బిడ్డ" అని అవ్వ నిన్నటి లాగే చెబుతుంది, నిన్నటికంటే కొంచెం గట్టిగా. ఆమె రోజులో అన్నిటికంటే మంచి నిమిషం అదే కావచ్చు. కాబట్టి చలిగా ఉందనో, పేడ తొక్కుతుందనో పాపను ఇంట్లో ఆపొద్దు. స్వెట్టరు పంపండి, చాలు.

రాత్రి కథల విషయానికి వస్తే మన ప్రాంతపు అవ్వల దగ్గర ఉన్నది మరో చోట లేదు. ఇక్కడ ఏనుగు కథ కల్పితం కానక్కర్లేదు. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగుల మంద ఈ వైపుకు వచ్చి స్థిరపడింది 1980లలో. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. అంటే ఇప్పుడు అరవై దాటిన అవ్వ చిన్నప్పుడు ఈ కొండల్లో ఏనుగుల్లేవు. కొత్త కోడలిగానో, పసిబిడ్డ తల్లిగానో ఉన్నప్పుడు వాటి సంగతి మొదటిసారి విని ఉంటుంది. ఈ కథ ఆమెకు తన అవ్వ చెప్పింది కాదు. ఊళ్లో డప్పులు మోగించడం, టపాకాయలు కాల్చడం, తెల్లారి చూస్తే తోటలో అరటిచెట్లు నేలమట్టం కావడం తన కాలంలోనే జరిగాయి. అందులో కొంత చూసింది, కొంత విన్నది, కొంత ఇప్పుడు మనవడి కళ్లు పెద్దవి కావడం చూసి కలిపింది. "భయపెట్టొద్దమ్మా" అని మధ్యలో దూరకండి. అవ్వ చీర కొంగు పట్టుకుని పడే భయం పిలకాయలకు ఇష్టం, రేపు రాత్రి మళ్లీ అదే కావాలంటారు. పైగా ఈ ఊళ్లలో చీకటి పడ్డాక బిడ్డ తోట వైపు పోకూడదన్నది నిజంగా తెలియాల్సిన సంగతే.

భాష గురించి కూడా కంగారు వద్దు. బెంగుళూరు బడిలో చదివే పిల్లాడు సగం ఇంగ్లీషు, పావు కన్నడం మాట్లాడతాడు. మీరు మధ్యలో దుబాసీగా కూర్చోకుండా ఉంటే నాలుగు రోజుల్లో వాళ్లిద్దరూ దారి వెతుక్కుంటారు.

చాలామంది తల్లిదండ్రులు పైకి అనని బాధ ఒకటుంది. "నన్ను ఒక్క బెల్లం ముక్కకు ఏడిపించిన అమ్మేనా ఈవిడ?" దీనికి కొంత జవాబు ఒక అధ్యయనంలో దొరుకుతుంది. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ రిల్లింగ్ బృందం 50 మంది అవ్వలకు ఫొటోలు చూపిస్తూ వాళ్ల మెదళ్లను స్కాన్ చేసి, 2021లో ఫలితాలు ప్రచురించింది. మనవడి ఫొటో చూసినప్పుడు, ఎదుటివాళ్ల సంతోషాన్నో బాధనో తామూ అనుభవించేలా చేసే మెదడు భాగాలు ఎక్కువగా చురుకయ్యాయి. పెద్దవాళ్లయిన సొంత కొడుకో కూతురో కనిపించినప్పుడు మాత్రం, వాళ్లు ఏమనుకుంటున్నారో, ఎందుకలా చేస్తున్నారో అర్థం చేసుకునే భాగాలు ఎక్కువ పనిచేశాయి. మిమ్మల్ని చూసి ఆమె ఇంకా ఆలోచిస్తూనే ఉందన్నమాట. బెల్లం ముక్క మీద తగవు పడకండి. రాగి సంగటి తింటున్న పిల్లాడికి ఒక ముక్క ఎక్కువైతే కొంపలేమీ మునగవు.

అయితే మీరు నోరు విప్పి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇది చెనిక్కాయల సీమ. వేయించిన గింజల్ని దోసిట్లో పోయడం ఇక్కడ మర్యాద. అయిదేళ్లు నిండని బిడ్డకు మాత్రం గింజ గింజగా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడితే ఊపిరి ఆగుతుంది. దంచి బెల్లంతో ఉండ చేయమనండి, ఊరిబిండి చేస్తే ఇంకా మంచిది. ఏడాది నిండని బిడ్డ నాలుకకు తేనె రాయకూడదు. కంట్లో కాటుక, ముక్కులో ఆముదం వద్దని పిల్లల డాక్టర్లు చెబుతున్నారు. నీళ్ల సంపు మీద మూత, పురుగుమందు డబ్బాలు అందని ఎత్తులో ఉండటం వంటివి అవ్వకు చెప్పేకంటే వచ్చినప్పుడు మీరే సరిచేసిపోవాలి. ఈ మాటలేవీ పిలకాయల ముందు అనొద్దు, ఆమె పెంచిన తీరును తప్పుపట్టినట్టు అసలే వద్దు. ఊరి ఏఎన్నెమ్మ నోట చెప్పించగలిగితే సగం గొడవ ఉండదు. కొడుకు చెబితే "నిన్ను ఇట్లే సాకినాం గదా" అంటుంది, నర్సమ్మ చెబితే వింటుంది.

ఇప్పటిదాకా సెలవుల సంగతి. ఏడాది పొడుగునా బిడ్డను అవ్వ దగ్గరే పెట్టినవాళ్లకు వేరే మాట చెప్పాలి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 186 మంది ఆడవాళ్ల మీద జరిగిన అధ్యయనం 2014లో వచ్చింది. వారానికి ఒక రోజు మనవళ్లను చూసుకునే అవ్వలు జ్ఞాపకశక్తి, చురుకుదనం పరీక్షల్లో అందరికంటే బాగా రాణించారు. అయిదు రోజులు, అంతకు మించి చూసుకునేవాళ్లు ఒక పరీక్షలో వెనకబడ్డారు. మన అవ్వ మెల్‌బోర్న్ అవ్వ కాదు నిజమే, ఆమె ఆవునూ పితకాలి, కూలికీ పోవాలి. అందుకే ఆమె విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి.

"కష్టంగా ఉందా అమ్మా?" అని అడిగితే లేదంటుంది, ఆ జవాబును నమ్మకండి. శనివారం కీలపట్ల కోనేటిరాయుని గుడికి పోయే అలవాటు ఉన్న మనిషి ఈ మధ్య పోతోందా? మహిళా సంఘం మీటింగుకు వెళ్తోందా? బీపీ మాత్రల అట్టలో ఎన్ని మిగిలాయి? మోకాళ్ల నొప్పితో పిల్లాడి వెంట పరిగెత్తే పని ఎవరిది? ఇవి చూస్తే మీకే తెలుస్తుంది. బడి వయసు రాకముందు బిడ్డ అల్లరి ఆమె ఒంటికి మించితే, రోజుకు మూడు గంటలు అంగన్‌వాడీకి పంపడం తప్పేమీ కాదు. నెలనెలా డబ్బు ఆమె అడగకముందే పంపండి, లెక్క అడగకండి. పాలకూ బిస్కెట్లకూ తన పింఛను డబ్బు తీసే అవ్వలు ఎందరో ఉన్నారు, ఆ మాట ఎవరికీ చెప్పరు.

సెలవులు అయిపోయి తిరిగి వెళ్లాక వీడియో కాల్‌లో బిడ్డ ముఖం చూపించి "అవ్వకు హాయ్ చెప్పు" అంటే వాడు హాయ్ చెప్పి పారిపోతాడు, అవ్వ ఖాళీ తెర చూస్తూ ఉంటుంది. దానికి బదులు వాడి చేతికి ఒక ప్రశ్న ఇవ్వండి. ఆవు ఈనిందా, దూడ ఏ రంగు, మదనపల్లెలో టమోటా బాక్సు ఎంత పలికింది, ఏనుగులు మళ్లీ వచ్చాయా. ఇలాంటివైతే ఆమె దగ్గర జవాబు ఉంటుంది, చెబుతూ చెబుతూ ఇంకో మాటలోకి పోతుంది. మీరు ఆ గదిలో ఉండనక్కర్లేదు.