కాలేజీ మారే ముందు

మల్కాజ్‌గిరి

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నా మోకాళ్ళ సంగతి మీ పెద్దమ్మ ఫోన్లో చెప్పే ఉంటుంది, దాన్ని పక్కన పెట్టు. హెచ్-1బి వీసా లాటరీలో ఈసారి కూడా నీ పేరు రాలేదనీ, చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ గడువు దగ్గర పడుతోందనీ మీ అమ్మ చెప్పింది. ఆమె చెప్పని ముక్క సఫిల్‌గూడ చెరువు కట్ట మీద, పొద్దున నడకలో నా చెవిన పడింది. రెండో ఎంఎస్ పేరుతో ఏదో కాలేజీలో చేరుతున్నావట. డే వన్ సీపీటీ అట. చేరిన రోజు నుంచే పూర్తికాలం ఉద్యోగం చేసుకోవచ్చట, అప్పుడప్పుడు వెళ్ళి మొహం చూపించి వస్తే చాలట. నిజమైతే ఈ ఉత్తరం ఆఖరుదాకా చదువు. అబద్ధమైనా చదువు. ఈ వయసులో చేత్తో రాసి, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టడమంటే మాటలు కాదు.

చట్టంలో దానికి చోటుంది కదా పెదనాన్నా అంటావు. ఉంది, కనుక్కున్నాను. మామూలుగా అయితే ఏడాది చదివాకే సీపీటీ, అంటే చదువులో భాగంగా చేసే పని. పై చదువుల్లో కోర్సే మొదటి రోజు నుంచి పని తప్పదంటే ఆ ఏడాది ఆగనక్కర్లేదు. పెట్టిన వాళ్ళు మంచికే పెట్టారు. ఆ సందులోంచి చదువు జారిపోయి పని ఒక్కటే మిగిలిన చోట్లు కొన్నున్నాయి. నాకు భయం వాటి గురించే.

కాలేజీకి వెబ్‌సైటుంది, ప్రభుత్వ జాబితాలో పేరుంది అని మాత్రం నాకు చెప్పకు. ఫార్మింగ్టన్ యూనివర్సిటీకి రెండూ ఉండేవి. మిషిగన్‌లో అమెరికా ప్రభుత్వం వాళ్ళే వల పన్నడానికి పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. పాఠాల్లేవు, చెప్పేవాళ్ళు లేరు. అయినా ఫేస్‌బుక్‌లో మాత్రం వాతావరణం బాగాలేదు, ఇవాళ సెలవు అని పెట్టేవారట. క్లాసే లేని చోట సెలవేమిటో! 2019 జనవరి ఆఖర్లో పట్టుకున్నారు. మొదటి విడతలో 130 మందైతే అందులో 129 మంది మన దేశం పిల్లలే, ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. వాళ్ళను చేర్పించిన దళారులు ఎనిమిది మందీ మనవాళ్ళే. మన విదేశాంగ శాఖ ఢిల్లీలో అమెరికా ఎంబసీకి నిరసన పత్రం ఇచ్చింది, అమెరికాలో హాట్‌లైన్ పెట్టింది. రెండు ప్రభుత్వాలూ పిల్లల చదువుల గురించి అంత చురుగ్గా మాట్లాడుకున్నది పిల్లలు లోపల పడ్డాక. ఫీజు డబ్బుల కోసం వేసిన కేసు కింది కోర్టులో పోయి, 2024లో అప్పీలు కోర్టులో మళ్ళీ ప్రాణం పోసుకుంది. అంతకు ముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే బూటకపు యూనివర్సిటీ. పదిహేను వందల పైచిలుకు పిల్లలు. కొందరి కాలికి రేడియో పట్టీలు కట్టి తిప్పారు. ఆ ఫొటోలు పేపర్లో చూసి మన వీధిలో ఏడవని తల్లి లేదు. నువ్వప్పుడు స్కూల్లో ఉన్నావు, నీకు గుర్తుండదు.

తిడుతున్నానని అనుకోకు తల్లీ. తిట్టడానికి నువ్వు చేసిన తప్పేముంది? అప్పు తీరలేదు, అద్దె కట్టాలి, లాటరీలో పేరు రాలేదు. నీ పరిస్థితిలో నేనున్నా ఆశ పుట్టేది.

నాకీ కాగితాల పిచ్చి ఎందుకో నీకు తెలుసు, ఉస్మానియాలో పరీక్షల విభాగంలో పని చేసిన వాణ్ణి. మీటర్‌గేజి బండిలో మల్కాజ్‌గిరి నుంచి జామై ఉస్మానియాకు వెళ్ళే రోజులు. ఆ బండి గురించి మొదలుపెడితే మీ పెద్దమ్మ కాగితాలు లాక్కుంటుంది. విదేశాల నుంచి కవర్లు వచ్చేవి: ఫలానా అబ్బాయి మీ దగ్గర బీఎస్సీ చేశాడా, ఈ మార్కులు నిజమేనా అని. నేను టాబులేషన్ రిజిస్టర్ దించి, దుమ్ము దులిపి, వేలు పెట్టి వరస చూసి, సరిపోయిందని రాసేవాణ్ణి. అధికారి సంతకం, కవరు అతుకు మీద ఇంకో సంతకం, ముద్ర. ఎక్కడో ఒహాయోలో కూర్చున్నాయన ఆ ముద్ర చూసి నమ్మేవాడు. దేశాల మధ్య విద్యా సహకారం అని పెద్ద పెద్ద సభల్లో మాట్లాడేది నా కంటికి ఇంతే: ఒక గుమాస్తా రాసింది ఇంకో దేశంలో గుమాస్తా నమ్మడం. ఒకసారి ఒక మెమో వచ్చింది. కాగితం మంచిదే, అంకెలు మంచివే, రిజిస్టర్లో ఆ నంబరు మీద వేరే అమ్మాయి పేరుంది. తర్వాత అదే దేశం నుంచి వచ్చిన ప్రతి కవర్లో ప్రశ్నలు రెట్టింపయ్యాయి. ఆ పిల్లగాడెవడో, ఎక్కడికి పోయాడో. జవాబు చెప్పుకున్నది మాత్రం వాడి తర్వాత వెళ్ళిన వాళ్ళు.

అదే క్యాంపస్‌లో 1964లో పెట్టిన అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ ఉండేది. మనం తిన్న అమెరికా గోధుమల బాకీ రూపాయల్లో కట్టాం, ఆ రూపాయల్లో కొన్ని ఈ లైబ్రరీకి వచ్చాయి. పీఎల్ 480 అంటే మా తరానికి రేషను గోధుమలు. అవి పుస్తకాలు కూడా అయ్యాయని క్యాంపస్‌కు వెళ్ళాక గానీ నాకు తెలియలేదు. దేశం నలుమూలల నుంచీ రిసెర్చి వాళ్ళు వచ్చి వారాల తరబడి చదువుకుని పోయేవారు. ఆ నిధులు అడుగంటాక ఆ వెలుగు తగ్గింది. ఇప్పుడు వీసాల కోసం ఎదురు చూపులే ఎక్కువ: 2025లో స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూలకు కొత్త అపాయింట్‌మెంట్లు కొన్ని వారాలు ఆపేశారు, కొత్త హెచ్-1బికి లక్ష డాలర్లన్నారు. నానక్‌రామ్‌గూడలో కాన్సులేట్ భవనం చూస్తే కోటలా ఉంటుంది. వీసా కోసం మొక్కుకుని చిలుకూరు బాలాజీ చుట్టూ నూట ఎనిమిది తిరిగే వాళ్ళు తగ్గలేదులే.

సరే, అసలు సంగతి. ఫైలు. నవ్వకు. రేపు నీ హెచ్-1బికో, గ్రీన్‌కార్డుకో అధికారి అడిగేది ఇదే: ఈ కాలేజీలో నిజంగా చదివావా, చూపించు. సిలబస్, హాజరు, ప్రొఫెసర్ల ఈమెయిళ్ళు, ఫీజు రసీదులు, రాసిన అసైన్‌మెంట్లు, క్లాసుకు వెళ్ళిన విమానం టికెట్లు కూడా. కాలేజీలు ఇచ్చిన ఐ-20 పత్రాలన్నీ, పాతవి సహా, ఒక్కటీ పారెయ్యకు. మూడు చోట్ల పెట్టు: నీ దగ్గర, క్లౌడ్‌లో, నా దగ్గర. నా దగ్గర ఎందుకంటే నువ్వు మర్చిపోతావు, నేను మర్చిపోను. ఇంటర్ మెమో, బీటెక్ ప్రొవిజనల్ ఇక్కడే నా బీరువాలో ఉన్నాయి. మీ నాన్న లామినేషన్ చేయిస్తానంటే అప్పుడు చెయ్యి పట్టుకుని ఆపాను. లామినేషన్ చేసిన కాగితం మీద అపోస్టిల్ ముద్ర ఎక్కడ వేస్తారు? ఆ అపోస్టిల్ ఒప్పందం మన దేశానికి అమల్లోకి వచ్చింది 2005లో. అంతకు ముందు ఎంబసీల చుట్టూ ఎన్ని చెప్పులు అరిగేవో నీకేం తెలుసు.

డబ్బు కట్టే ముందు ఆ కాలేజీకి ఈమెయిల్ పెట్టు, ఫోన్ వద్దు. క్లాసులు ఏ చిరునామాలో, వారానికి ఎన్ని గంటలు? పాఠం చెప్పేదెవరు? నా ఉద్యోగానికీ ఈ కోర్సుకీ సంబంధం ఏమిటని మీరు రాసిస్తారు? గుర్తింపు ఇచ్చిన సంస్థను అమెరికా విద్యాశాఖ ఒప్పుకుందా? ఆ చివరిది కాలేజీ మాట నమ్మక, విద్యాశాఖ సైటులో నువ్వే చూడు. జవాబు రాకుండా 'కాల్ చేయండి' అంటే అక్కడితో వదిలెయ్. కాలేజీల పేర్లు చెప్పి కమిషన్ తినే సీనియర్‌ను అసలు నమ్మకు, వాడు మన ఊరివాడైనా సరే. మన ఊరివాడైతే ఇంకా నమ్మకు.

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట చాకిరీ చేశారని నీకు చిన్నప్పుడు ఎన్నోసార్లు చెప్పాను, మళ్ళీ చెబుతున్నానని విసుక్కోకు. ఆయన చాకిరీ రాత్రిళ్ళు. పగలు హార్వర్డ్‌లో చదువు చదువే. ఆ ప్రయాణానికి సాయం కాకినాడలో మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి నుంచి. సాయం అడగడానికి ఆయన సిగ్గుపడలేదు. నీ అప్పులో ఎంత మిగిలిందో మీ నాన్నకు చెప్పకపోతే నాకు చెప్పు. నా పెన్షన్ సంగతి నీకు అనవసరం.

లేదంటే వచ్చెయ్. ఇంకా చదవాలనుంటే జర్మనీ చూడు: ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఫీజు లేదు. ఏపీఎస్ అనే జర్మన్ పరిశీలన కేంద్రం వాళ్ళు ముందే మన కాగితాలు పరీక్షిస్తారు, నాకు నచ్చింది అదే. బ్యాంకులో ఏడాదికి 11,904 యూరోలు (2025 లెక్క) చూపించాలి, అది కష్టమే, మాట్లాడుకుందాం. హైదరాబాద్‌లోనే ఉద్యోగం చూసుకున్నా ఎవరూ ఏమీ అనరు. అన్నవాళ్ళ సంగతి మీ పెద్దమ్మ చూసుకుంటుంది.

కాలేజీ పేరు, వాళ్ళు పంపిన ఆఫర్ లెటర్ నాకు వాట్సాప్‌లో పెట్టు. శనివారం మీకు రాత్రి అయ్యేసరికి చదివి ఉంటాను, ఫోన్ చెయ్యి. గోంగూర పచ్చడి పక్కింటి వాళ్ళబ్బాయి చేత పంపుతున్నాం, డాలస్‌లో దిగి నీకు పార్సిల్ చేస్తాడు.

ఆశీస్సులతో,
పెదనాన్న