పోటీ పరీక్షల ప్రత్యేకం: వంటనూనెలు - గుండె ఆరోగ్యం

చెన్నై రేషన్ దుకాణాల్లో లీటరు పామాయిల్ ప్యాకెట్ 25 రూపాయలకే దొరుకుతుంది. చవకే గానీ, అందులో సంతృప్త కొవ్వు 40 శాతం పైమాటే. అక్కడి ఇళ్లలో పేరున్న నువ్వుల నూనెలో అది 15 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. మిగిలినదంతా దాదాపు గుండెకు మేలుచేసే అసంతృప్త కొవ్వే. కొబ్బరినూనెలో మాత్రం సంతృప్త కొవ్వు 90 శాతం వరకూ ఉంటుంది. మొక్కల నుంచి వచ్చే నూనెలన్నీ గుండెకు మంచివే అనుకునేవారు ఇక్కడే బోల్తాపడతారు.

మెరీనా బీచ్‌లో బజ్జీల బండి మీది మూకుడు చూడండి. మళ్లీమళ్లీ మరిగిన నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతుంది. అందులో పెరిగేవే పోలార్ సమ్మేళనాలు. 2018 జులై 1 నుంచి దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వీటికి 25 శాతం పరిమితి పెట్టింది. వాడేసిన నూనెను బయోడీజిల్‌గా మార్చే ‘రుకో’ కార్యక్రమమూ ఆ ఏడాదే మొదలైంది.

అభ్యర్థులు తికమకపడేది గుండెకు చేటుచేసే మరో కొవ్వు, ట్రాన్స్‌ఫ్యాట్ దగ్గరే. నూనెలు, కొవ్వుల్లో దాని పరిమితి 2021లో 3 శాతం. 2022 జనవరి నుంచి 2 శాతం.